మచ్చ నాలికకు సూది మందు

నా నాలిక మీద ఎడమ దిక్కు నేరేడు పండు రంగుల ఒక మచ్చ ఉండేది. పుట్టినప్పుడు పెసర గింజంతనే ఉన్నదట. మా అవ్వ పాలిచ్చుకుంట సూసి, నోట్లె ఏదో పడ్డదనుకోని కొంగుతోని తుడిచి తుడిచి సతాయించిందట. నేను ఏడిస్తె అది ఇంకింత నల్లగై ఉబ్బిందట. అప్పుడు మంత్రసాని వచ్చి సూసి, "తుడిస్తె పోయేది గాదే అది. మచ్చ నాలిక. ఈ పిల్ల నోట్లకెల్లి ఏ మాటొస్తె ఆ మాట అయితది. జర పైలం," అన్నది. అని ఆమె తనకిచ్చిన చీర, బియ్యం పట్టుకోని పోయింది. ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

మా దిక్కు తిట్టు లేంది ప్రేమ లేదు. పిల్లలను బువ్వకు పిలిచినా "మీ పాడుగాను, రార్రి" అనే పిలుస్తరు. చాన్నాళ్లకు సుట్టం కండ్లవడితె "నీ దినాలు గాను, ఎటువోయినవే ఇన్నొద్దులు" అని కావలిచ్చుకుంటరు. నాకు ఆ భాగ్యం లేకుండె. నాకు కోపమొస్తున్నదని తెల్వంగనే మా అవ్వ రొంటిల దాసుకున్న బెల్లం ముక్క తీసి నా నోట్లె కుక్కేది. ఆడుకునేకాడ ఎవడన్న నన్ను కొడితె, వాని తల్లే ఉరికొచ్చి వానికొక దెబ్బ, నాకొక బెల్లం ముక్క పెట్టేది. మా వాడకట్టుల అందరికంటె ముందుగాల నోట్లె పండ్లు పుచ్చింది నాకే.

నేను తిట్టుడే గాదు, నన్ను తిట్టేటోళ్లు గూడ లేరు. నల్లా కాడికి బిందె పట్టుకోని పోతె ఆడోళ్లు కొట్లాట ఆపి, "రా రా, ముందుగాల నువ్వు పట్టుకో," అని జరిగేటోళ్లు. వినేటోళ్లకు అదృష్టం లెక్క కనవడ్తది. పొద్దుగాల లేస్తె నవ్వు ముఖాలే కనవడేటి బతుకు ఎంత చప్పగుంటదో బతికినోళ్లకే తెలుసు. నాకు ఒక్కటే కోరిక ఉండేది. అందరాడోళ్ల లెక్క నేను గూడ నోరార ఒకళ్లను తిట్టాలె, వాళ్లు నన్ను తిట్టాలె.

సిద్దిపేట నుంచి మా అత్త నన్ను సూడనీకి వచ్చినప్పుడు నా ముఖం సూడలే, నడక సూడలే. మంచం మీద కూసోని, ఎద్దు పండ్లు సూసినట్టు, "ఏదీ పిల్లా, నోరు తెరువు," అన్నది. తెరిచిన. మచ్చను వెలుగుకు తిప్పి సూసి, "ఖాయం," అన్నది. అప్పుడు ఆమె కొడుకు భీవండిల బట్టనేసే సాంచాల మీద పని జేస్తుండె. లగ్గమైనంక నా పని ఏందంటె, దినాం పొద్దున ఇల్లు ఊకినంక ఆమె పండుకునే అర్ర ముందట నిలవడి "నీ కొడుకు మంచిగున్నడు అత్తా" అనాలె. అన్నంకనే ఆమె చాయ్ తాగేది. మా ఆయన మంచిగనే ఉన్నడు, మంచిగనే తిరిగొచ్చిండు, ఇప్పుడు ఊర్లె చీరల షాపుల కూసుంటడు. మా అత్త దృష్టిల అదంత నా నాలిక జేసిన పని. ఆయన జేసిన పని ఏందని ఎవ్వలడగలే.

మా అత్త నన్ను ఒక్కనాడు తిట్టలే. పక్కింటి కోడలు అత్త తిట్లు తిని వచ్చి నా కాడ ఏడుస్తుంటె నాకు కడుపుల మండేది. మంచిగ తిట్టిచ్చుకుంటున్నది, ఇంకేం గావాలె దానికి అనిపించేది.

పిల్లలు పుట్టినంక మచ్చ పెరుగుడు మొదలువెట్టింది. ముందుగాల రేగ్గాయంత అయింది, తరువాత చింతకాయ లెక్క పొడుగైంది. వంగి బట్టలుతికితె ఉబ్బేది, లేచి నిలవడితె తగ్గేది. వేలితోని ఒత్తితె మెత్తగ లోపలికి పోయి మల్ల నిండేది. ఒకనాడు లగ్గంల మటన్ కూర తింటుంటె బొక్క నాలికకు గీసుకున్నది. నెత్తురు ఆగలే. పెండ్లి పిల్ల మేనత్త నా ఇస్తారి సూసి మూర్ఛవోయింది. ఆమె మీద నీళ్లు సల్లుడే అయింది గని నా దిక్కు ఎవ్వలు సూడలే.

ఇగ దవాఖానకు పోత అంటె మా అత్త అడ్డం వడ్డది.

"ఎందుకే పిల్లా? అందరికీ అంటవు గద. నీకు నువ్వే అనుకో, తగ్గుతదని."

అది గూడ నిజమే గద అనిపించింది. తానం జేసి, సూర్యునికి ఎదురుంగ నిలవడి, "నా మచ్చ తగ్గుతది" అని దినాం అన్న. అది ఇంకింత పెరిగింది. మా అత్త సోంచాయించి చెప్పింది, "కత్తి ఎన్నిటినైనా కోస్తది గని తన పిడిని తాను కోస్కోదు." ఆమె కాడ దేనికైనా జవాబుండేది.

సిద్దిపేట డాక్టర్ సూసి పట్నం పొమ్మన్నడు. పట్నంల పెద్ద దవాఖానల ఒక డాక్టరమ్మ ఉండె, మా బిడ్డ వయసుదే. నాలికను పట్టుకోని, స్కానింగ్ తీపిచ్చి, మమ్ముల కూసోవెట్టి చెప్పింది.

"ఇది క్యాన్సర్ కాదమ్మా. మీరు కడుపులో ఉన్నప్పుడే ఇక్కడ రక్తనాళాలు సరిగ్గా అల్లుకోలేదు. సంచుల్లాగా అయి రక్తం నిలబడిపోతోంది."

మా ఆయన నేత మనిషి. వెంటనే సమజైంది ఆయనకు. "అంటె పోగులు తప్పి ముడి వడ్డదా మేడం?"

"అంతే అనుకోండి."

"మరి కోసి తీస్తరా?"

"కోయక్కర్లేదు. సూదితో ఆ సంచుల్లోకి మందు నురుగు పంపిస్తాం. గోడలు అతుక్కుని మెల్లగా ముడుచుకుపోతుంది. ఒక్కసారితో అవ్వకపోవచ్చు."

నేనడిగిన, "ఇట్లనే వదిలిపెడితె?"

"వెనక్కి పెరిగితే మింగడం కష్టం, ఊపిరి కష్టం. ఏదో ఒక రోజు రక్తం ఆగదు." ఆమె నవ్వకుంట చెప్పింది. వచ్చే నెల రమ్మన్నది.

ఇంటికొచ్చిన తెల్లారే వాడకట్టంత తెలిసింది, మచ్చ తీపిచ్చుకుంటున్నదని. ఇగ సూడున్రి. కరెంట్ కనెక్షన్ కట్ జేస్తరని తెలిస్తె అందరు మోటరేసుకున్నట్టు, జనం మా ఇంటి మీద వడ్డరు. మా అత్త గడప మీద కూసోని ఒక్కొక్కళ్లను లోపలికి పంపుతుండె. చెప్పులు ఇడిసి రమ్మనేది గూడ ఆమెనే.

ఒకామె కొడుకుకు దుబాయ్ వీసా వస్తది అనుమన్నది. అన్న. ఒకాయన బర్రె సూడి నిలుస్తది అనుమన్నడు. అన్న. మా వార్డుల ఎలక్షన్ల నిలవడేటాయన మెడల కండువతోని వచ్చి "నువ్వు గెలుస్తవు అను చెల్లె" అన్నడు. అన్న. ఆయన పోయినంక వెనుక దర్వాజ నుంచి ఆయన ఎదురు పార్టీ ఆయన వచ్చిండు. చెల్లె అన్నంక కాదంటనా? ఆయనకు గూడ అన్న. తరువాత ఏమైందంటె ఇద్దరు ఓడిపోయిన్రు, మా గడప తొక్కని మూడో ఆయన గెలిచిండు. జనం నన్నేమనలే. రెండు మాటలు నడుమల ఢీకొట్టుకోని ఒకదాన్నొకటి కొట్టేసుకున్నయని తీర్పు జెప్పిన్రు.

ఈ గొడవల మా అత్త, మా ఆయన గూడ ఒక్కటైన్రు. మా ఆయన పనిజేసే షాపాయన కొత్త కొట్టు తెరుస్తుండట, అది నడుస్తదని అన్నంక దవాఖానకు పోదమని ఒకసారి, మరిది బిడ్డ సంబంధం ఖాయమైనంక పోదమని ఒకసారి. డాక్టరమ్మ చెప్పిన దినం వచ్చింది, పోయింది. రోజూ పొద్దున నాలిక బరువు జోకి సూసుకునేదాన్ని నేను. మాట్లాడి మాట్లాడి అది పొద్దూకేసరికి బుగ్గకు ఒత్తుకునేది. వెల్లకిల వంటె గొంతుకు అడ్డమొచ్చినట్టు ఉండేది. చెప్తె, "గిన్నొద్దులు ఆగింది, ఇంక రెండొద్దులు ఆగదా?" అనేటోళ్లు.

అప్పుడే చంద్లాపూర్ నుంచి ఒకాయన వచ్చిండు. ఆయన పొలంల నిలవడి సూస్తె రిజర్వాయర్ నీళ్లు కనుచూపు దూరం కనవడ్తయి. ఆయనకు మాత్రం బోరుల నీళ్లు గావాలె.

"గా నీళ్లున్నయి గదనే అన్నా," అన్న.

"అవి సర్కారు నీళ్లు. నా నీళ్లు నాకు గావాలె వదినా. అను."

"నీ బోరుల నీళ్లు..." అని అనబోయిన. అనంగనే వాసిన నాలిక పండ్ల నడుమల వడ్డది. నెత్తురు బుడబుడ వచ్చింది. దోసిలి నిండింది, కొంగు తడిసింది. నేను గోడకు చేరగిలవడి తువ్వాల నోట్లె కుక్కుకుంటున్న. ఆయన ముందుకు వంగి సూసి, చాన సీరియస్‌గ అడిగిండు.

"అంటె ఎర్ర నీళ్లు పడ్తయా వదినా?"

మా ఆయన జీవితంల ఒకళ్ల మీద చెయ్యి లేపుడు నేను సూసింది గదే. కొట్టలే, భుజం పట్టి గడప దాటిచ్చిండు. నెత్తురు ఆగేదాక నా పక్కకే కూసున్నడు. తెల్లారంగనే పట్నం బస్సెక్కినం. మా అత్త గూడ వచ్చింది, ఎవ్వలు రమ్మనలే.

దవాఖానల డాక్టరమ్మ ఇంత ఆలస్యమెందుకైందని కోపం జేసింది. తరువాత కాయితం ముంగట వెట్టి, సూది ఇచ్చినంక ఏమేం గావచ్చో అన్ని చెప్పి, "ఇప్పుడు మీకు అర్థమైందో లేదో నాకు తెలియాలి. మీ మాటల్లో మళ్లీ చెప్పండి," అన్నది.

మా అత్త కుర్చీలకెల్లి లేచి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మేడం, దండం పెడ్త, ఆమెతోని గది అనిపియ్యకున్రి!"

"ఎందుకు?"

"అంటె అయితది."

డాక్టరమ్మ మా ఆయన దిక్కు సూసింది. భీవండి, బొంబాయి అన్ని తిరిగిన మనిషి. నెత్తి గోక్కున్నడు. "అంటె... ఇప్పటిదాకైతె అయినయి మేడం."

"పేషెంటే చెప్పాలి. అర్థం కాకుండా నేను సూది పెట్టను."

అత్త చెయ్యి పక్కకు జరిపి నేను మొదలువెట్టిన. "నాలిక వాయదు. పుండు గాదు. ఊపిరి ఆగదు. తిమ్మిరి ఉండదు."

"అమ్మా, నేను చెప్పింది మీరు తిరగేసి చెప్తున్నారు."

"అయితె ఎవరో ఒకామెకు అయినట్టు చెప్త."

మా అత్త ఊకోలే. "ఎవరామె? పాపం ఆమెకు సంసారం లేదా? ఆమె ఉసురు మనకెందుకు?"

డాక్టరమ్మ గడియారం సూసుకున్నది. నాకు పిల్లలకు కథలు చెప్పే అలవాటు పనికొచ్చింది. "ఏడు సముద్రాల అవతల ఒక రాక్షసి ఉండె మేడం," అని అందుకున్న. మా అత్త కూసున్నది. రాక్షసికి ఏమైనా ఆమెకు బాధ లేదు. "ఆ రాక్షసి నాలిక మీద మచ్చ ఉండె. మనుషులను తినంగ తినంగ బొక్కలు గుచ్చుకోని నెత్తురు కారేది. దవాఖానకు పోయింది. అక్కడ మీ అసొంటి డాక్టరమ్మ నురుగు సూది ఇచ్చింది. ఇయ్యంగనే నాలిక కుమ్మరాయన మట్టి ముద్ద లెక్క వాసింది. ఊపిరి ఆడకుంటె గొంతుల గొట్టం ఏస్తమన్నరు. పైతోలు పుండైతె అయితదన్నరు. కొన్నొద్దులు మనిషి మాంసం రుచి తెల్వలే. ఒక్క సూదితోని పోలే, మల్ల రమ్మన్నరు. పోయినట్టే పోయి మల్ల పెరగొచ్చని గూడ చెప్పిన్రు."

నర్సమ్మ ట్రే పట్టుకోని అట్లనే నిలవడ్డది. డాక్టరమ్మ ఫోన్ మోగితె కట్ జేసింది. "రాక్షసి ఒప్పుకుందా?" అనడిగింది.

"ఒప్పుకున్నది మేడం. సంతకం నేను పెడ్త."

లోపలికి తీస్కపోయిన్రు. నవ్వులు దర్వాజ బయటనే ఉండిపోయినయి. నాలికకు తిమ్మిరి సూది ఇచ్చిన్రు. గొంతుల ఏసే గొట్టం పక్కకే తయారుగ పెట్టిన్రు, దాన్ని నేను సూసిన. ఇప్పుడు మాట పోతె ఎట్ల? పిల్లలను పేరు వెట్టి పిలవకుంట, కథ చెప్పకుంట, నేను ఇంట్ల ఏం మనిషినైత? నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అదే సమయానికి అక్కడ ఊడ్చే ఆయమ్మ నా చెవి కాడ వంగింది. బయట మా అత్త ఆమెకు అంత చెప్పేసినట్టున్నది.

"అక్కా, మా బిడ్డకు నర్సింగుల సీటొస్తదని ఒక్క మాట అనవా? తీసేస్తున్నరట గద."

నాలిక అప్పటికే చెప్పు తోలు లెక్క మొద్దువారింది. తల ఊపిన.

"మేడం, తల ఊపితె అయితదా?" అని ఆయమ్మ డాక్టరమ్మనడిగింది.

"నాకు తెలీదమ్మా. మీరు పక్కకు జరగండి."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటె భయం కొంత దిగింది.

డాక్టరమ్మ రెండు సిరంజీలను ఎదురెదురు కలిపి, మందును, గాలిని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు నెట్టింది. హోటల్ల చాయ్‌ను ఈ గిలాసల నుంచి ఆ గిలాసల పోసినట్టు. నీళ్ల లెక్కున్న మందు తెల్లగ నురుగైంది. నర్సమ్మ గుడ్డతోని నా నాలిక కొస పట్టి బయటికి గుంజింది. స్కానింగ్ తెర మీద సూసుకుంట డాక్టరమ్మ సూది దింపింది. నొప్పి తెల్వలే, లోపల ఏదో ఒత్తినట్టు, నిండినట్టు అనిపించింది. "నొప్పిగా ఉందా?" అని రెండు మూడుసార్లడిగింది. నాలిక వాళ్ల చేతులనే ఉన్నది, నేనేం చెప్త?

వాసింది. రాక్షసికి వాసినంతనే వాసింది. గొట్టం అవసరం పడలే గని, ఊపిరి గమనించాలని వార్డులనే ఉంచిన్రు. వాపు కొంత దిగినంక, ఊపిరి ఏమన్న కష్టమైతె వెంటనే రావాలని చెప్పి, గోలీలిచ్చి పంపిన్రు. మంచు ముక్కలు, సల్లటి జావ, గంతే. నాలిక కొస ఇంక పెదవుల నడుమల ఎర్రగ, నల్లగ బయటికి కనవడ్తుండె.

ఆటో దిగంగనే ఎదురింటి ముసలామె నన్ను సూసి ఆగిపోయింది. ఉరికి ఇంట్లకు పోయి పసుపు, కుంకుమ, యాపకొమ్మ తెచ్చింది. "అమ్మవారే వచ్చింది మా వాడకు," అని కాళ్ల మీద వడ్డది. నేను వద్దు వద్దని చెయ్యి ఊపిన. "ఈ ఏడు బోనం వద్దంటున్నది," అని ఇంకొకామె అర్థం చెప్పింది. మంచు ముక్క గావాలని నోటి దిక్కు వేలు సూపెట్టిన. "అమ్మవారు కల్లు సాక అడుగుతున్నది," అన్నరు. ఎవరో ఉరికిపోయి కల్లు సీసా తెచ్చిన్రు. మా అత్తకు అంత తెలుసు, సూది ఇచ్చేటప్పుడు దర్వాజ కాడనే ఉన్నది. అయినా నా పక్కకు నిలవడి అందరి నొసట బొట్టు పెట్టవట్టె. కల్లు సీసా మాత్రం మా ఆయన లోపలికి తీస్కపోయిండు. మల్ల కనవడలే.

వాపు దిగింది. మచ్చ గట్టిగై, తరువాత మెల్లగ మెత్తవడి, చిన్నగైంది. రెండోసారి పోయినప్పుడు మా అత్త డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నది.

"బిడ్డా, మొత్తం తీయకు. ఆవగింజంత ఉంచు. ఇంట్ల అక్కరకొస్తది."

"కొంచెం మిగులుతుంది లేండి. మొత్తం పోదు. అప్పుడప్పుడు వచ్చి చూపించుకోవాలి."

మా అత్త ముఖం వెలిగింది. నా ముఖం వాడింది. మిగిలితె నా నోటికి బెల్లం తప్పదా?

రెండో సూదితోని అది వెలిసిన చీర అంచు లెక్క లేత ఊదా గీతైంది. బువ్వ బెదురు లేకుంట తింటున్న. వెల్లకిల వంటున్న. ఒత్తితె ఏం ఉబ్బదు. ఇగ మాట సంగతి. ఇంట్ల ఎవ్వలు లేనప్పుడు కుక్కర్‌ను తిట్టి సూసిన. "నీ పాడుగాను, ఎంతసేపే?" అన్న. అది వెంటనే సీటీ కొట్టింది. సమజ్ గాలే, అయినట్టా కానట్టా? మా ఆయనను తిట్టాలనుకున్న, ఆయన ముఖం సూస్తె రాలే. అలవాటు లేని నోరు.

మొన్న మా అత్త, నేను చేర్యాలల ఉన్న మా బిడ్డ కాడికి పోదమని సిద్దిపేట బస్టాండుకు పోయినం. ఆడోళ్లకు టికెట్ లేదు గద, బస్సు రాకముందే సగం ఊరు అక్కడనే ఉన్నది. రాంగనే నేను జాగ ఆపనీకి కిటికీల నుంచి దస్తి రుమాలు సీట్ల ఏసిన, అందరు ఏసినట్టే. కొట్లాడి కొట్లాడి ఎక్కి సూస్తె, ఒక లావాటామె నా దస్తి మీదనే కూసోని పల్లీలు తింటున్నది.

"అక్కా, దస్తి ఏసిన," అన్న.

"దస్తి ఏస్తె బస్సు నీ అత్తగారిదైతదా?"

నా పక్కకు మా అత్త ఉన్నది, మోకాళ్ల నొప్పులతోని రాడ్ పట్టుకోని. ఆమె బెదిరి నా భుజం పట్టుకున్నది. "వద్దే పిల్లా, ఏమనకే." ఆమె కాళ్లు వణుకుతున్నయి. నాకు కింది నుంచి పైకి మండింది.

"నీ దినాలు గాను! ముసలిది నిలవడ్డది కండ్లు కనవడ్తలేవా? నీ నోట్ల మన్నువడ, నీ పల్లీలల్ల రాళ్లువడ!" అన్న. బస్సంత వినవడ్డది. మా అత్త కండ్లు మూసుకున్నది.

ఆ లావాటామె పల్లీలు కొంగుల మూటగట్టి లేచింది. నా గురించి ఆమెకు ఏం తెల్వదు. "నీ జిమ్మడ! నీ నోరు వడిపోను! నీ తాత కట్టిచ్చిండా బస్సు? పొద్దుగాల ఎవని ముఖం సూసొచ్చినవే దరిద్రపుదానా!" ఆపకుంట, దమ్ము తీస్కోకుంట, మా వంశంల మూడు తరాలను పేరు పేరున అడిగింది. నేను మధ్యల దొరికిన సందుల్ల దొరికినంత ఇచ్చిన. ఆమెది చాన పెద్ద చెయ్యి, నేను కొత్త. కండక్టరు వచ్చి ఇద్దరిని ఆపి, మా అత్తను ఆ సీట్లనే ఒక మూలకు కూసోవెట్టిండు. ఆమె పల్లీలల్ల రాళ్లు పడలే. నా నోరు పడలే. చేర్యాల దాక నిలవడే పోయిన.

మా బిడ్డ దర్వాజ తీసి నన్ను సూసింది. "ఏందే అమ్మా, గొంతు పోయింది? ఎవలన్న ఏమన్న అన్నరా?"

మా అత్త చెప్పులు ఇడుసుకుంట జవాబిచ్చింది. "బస్సుల తిట్టింది, తిట్టిచ్చుకున్నది. అక్కడి సంది ఒక్కతే నవ్వుకుంటున్నది. జర చాయ్ పొయ్యి దానికి."